'రన్' అనే మాటకు ఎన్ని అర్థాలు? ఒక లెక్క, దాని హద్దులు

సారాంశం

ఇంగ్లిష్‌లో 'రన్' అనే క్రియకు 645 అర్థాలు ఉన్నాయన్న మాట 2011 నుంచి పత్రికల్లో, క్విజ్ పుస్తకాల్లో తిరుగుతోంది. ఆ అంకె ఎలా పుట్టింది, దేన్ని కొలుస్తోంది, దేన్ని కొలవలేదు అన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను. ఇందుకు తీసుకున్న ఆధారాలు మూడు: నిఘంటువులు ఇచ్చిన లెక్కలు, పదచరిత్ర, తెలుగు వాడుకతో పోలిక. తెలుగు ఉదాహరణలన్నీ రోజూ వినబడే వాడుక నుంచి తీసుకున్నవి. అవి పోలిక కోసమే, గణాంకాల కోసం కాదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తేలేది ఇది: అర్థాల సంఖ్య పదం కన్నా నిఘంటువు పద్ధతినే ఎక్కువ చెబుతుంది. 'రన్' అర్థాన్ని నిర్ణయించేది చాలావరకు దాని పక్కన చేరే మాట.

1. 645 ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ అంకె ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీది. ఇలాంటి నిఘంటువు కావాలన్న ఆలోచన 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీలో మొదలైంది. 1879లో జేమ్స్ మర్రే సంపాదకత్వం చేపట్టారు. మొదటి సంచిక 1884లో, చివరిది 1928లో వెలువడ్డాయి. అప్పటికి మర్రే చనిపోయి పదమూడేళ్లు. పూర్తయిన నిఘంటువులో 4,14,825 మాటలకు వివరణలు, వాటికి ఆధారంగా 18,27,306 ఉదాహరణ వాక్యాలు ఉన్నాయి.

అర్థాల లెక్క ఎలా పుడుతుందో తెలియాలంటే ఈ నిఘంటువు తయారైన తీరు చూడాలి. దేశమంతటా, బయటా ఉన్న స్వచ్ఛంద పాఠకులు పుస్తకాలు చదువుతూ, ఒక మాట కనబడ్డ వాక్యాన్ని చిన్న చీటీ మీద ఎత్తిరాసి, పుస్తకం పేరు, సంవత్సరం వేసి పంపేవారు. ఒక మాటకు వచ్చిన చీటీలన్నింటినీ సంపాదకుడు ముందు పెట్టుకుని, ఒక తీరుగా ఉన్నవాటిని ఒక కట్టగా వేరు చేసేవాడు. ఒక్కో కట్టకు ఒక్కో నిర్వచనం. నిఘంటువు 'అర్థం' అని అంకె వేసి చూపించేది ఆ కట్టనే. రెండు చీటీలు ఒకే కట్టలో ఉండాలా, వేర్వేరు కట్టల్లో ఉండాలా అన్నది సంపాదకుడి తీర్పు. ఆ తీర్పు వెనక పాండిత్యం ఉంటుంది, కానీ దాన్ని తూచే తూనికరాయి లేదు.

1989లో వచ్చిన ఇరవై సంపుటాల రెండో కూర్పులో అన్నిటికన్నా పెద్ద పద్దు 'సెట్' అనే క్రియది. అందులో 430కి పైగా అర్థాలు, దాదాపు 60,000 మాటల వివరణ. 2000లో మొదలైన సమగ్ర సవరణలో ఈ వరస మారింది. మొదట 'మేక్', 2007లో 'పుట్', 2011లో 'రన్' ముందుకు వచ్చాయి. 'రన్' పద్దును సవరించిన పీటర్ గిల్లివర్‌కు ఆ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలు పట్టింది. ఆయన తేల్చిన లెక్క 645.

అప్పట్లో ఈ వార్తకు ఒక వ్యాఖ్యానం కూడా తోడైంది. 'సెట్', 'పుట్' కదలిక లేని మాటలనీ, 'రన్' యంత్రాల కాలానికీ వేగానికీ గుర్తనీ, అందుకే అది ముందుకొచ్చిందనీ దాని సారం. వినడానికి బాగుంది కానీ ఆధారం చాలదు. ఎందుకంటే 2000లో సవరణ 'ఎమ్' అక్షరంతో మొదలై ముందుకు సాగింది. 2011 నాటికి 'ఆర్' దగ్గరకు వచ్చింది. 'సెట్' ఉన్న 'ఎస్' అక్షరం ఇంకా మిగిలే ఉంది. అంటే కొత్త పద్ధతిలో, కంప్యూటర్లో వెతికి తీసిన అపారమైన ఉదాహరణలతో తిరగరాసిన 'రన్'ను, ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో రాసిన 'సెట్'తో పోల్చారు. 'మేక్', 'పుట్', 'రన్' వరుసగా రికార్డు కొట్టడంలో అక్షరక్రమం పాత్ర కాదనలేం. పద్దు పెరగడం ఒకటి, పదం పెరగడం మరొకటి. ఈ రెంటినీ వేరు చేయకుండా కాలస్వభావం గురించి నిర్ణయానికి రాకూడదు.

2. లెక్కించేవారు మారితే లెక్క మారుతుంది

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ బృందం 1985లో మొదలుపెట్టిన వర్డ్‌నెట్ అనే పదకోశంలో 'రన్' క్రియకు 41 అర్థాలే కనిపిస్తాయి. నామవాచకంగా మరో 16. అందులో 'రన్' మొదటి స్థానంలో కూడా లేదు. 'బ్రేక్' క్రియకు 59 అర్థాలు ఇచ్చారు. ఒకే భాష, ఒకే మాట. ఒకచోట 645, మరోచోట 41.

ఈ తేడాకు కారణాలు వెతికితే దొరుకుతాయి. ఆక్స్‌ఫర్డ్ చారిత్రక నిఘంటువు. వందల ఏళ్ల కింద వాడి ఇప్పుడు మరచిపోయిన అర్థాలకు కూడా అందులో చోటుంది. వర్డ్‌నెట్ ఇప్పటి భాషను దృష్టిలో పెట్టుకుంది. 'రన్ అవుట్', 'రన్ ఇంటు' వంటి జంటపదాలను మూలపదం కిందే చూపాలా, విడిగా చూపాలా అన్న నిర్ణయం కూడా అంకెను మారుస్తుంది. అన్నిటికన్నా పెద్ద కారణం ఎంత సన్నగా విడదీశారన్నది. ఓడ పరుగునూ రైలు పరుగునూ ఒకటిగా చూస్తే ఒక అర్థం, వేరుగా చూస్తే రెండు.

సన్నగా విడదీసిన అర్థాలను మనుషులు గుర్తుపట్టగలరా అని కంప్యూటర్ భాషాశాస్త్రజ్ఞులు పరీక్షించారు. ఒకే వాక్యాన్ని ఇద్దరికిచ్చి ఇందులో ఏ అర్థం వాడారో చెప్పమంటే, వర్డ్‌నెట్ విభజనలో ఇద్దరి జవాబులు తరచూ కలవలేదు. అందుకే 2006లో వెలుగుచూసిన ఆంటోనోట్స్ ప్రాజెక్టు వేరే దారి పట్టింది. గుర్తించేవారి మధ్య 90 శాతం ఏకాభిప్రాయం వచ్చేదాకా దగ్గర అర్థాలను కలిపేస్తూ పోయింది. నిఘంటువులతోనే జీవితమంతా పనిచేసిన ఆడమ్ కిల్గారిఫ్ అయితే, పదార్థాలు విడివిడి వస్తువులుగా ఉన్నాయనే తాను నమ్మనని 1997లో ఒక వ్యాసానికి శీర్షికే పెట్టారు. ఆయన దృష్టిలో అర్థాల విభజన ఒక పని కోసం చేసుకునే ఏర్పాటు. పని మారితే విభజన మారుతుంది.

విభజనకు ఒక పాత పరీక్ష ఉంది. ఒకే క్రియకు రెండు కర్మలనో కర్తలనో తగిలించి, వాక్యం నిలుస్తుందో లేదో చూడటం. తెలుగులోనే చేసి చూద్దాం. 'చెట్టుకు కాయలూ, పిల్లాడికి జ్వరమూ కాశాయి' అంటే వాక్యం చెవికి అతకదు. కాబట్టి ఇక్కడ రెండు 'కాయు'లు ఉన్నాయని చెప్పవచ్చు. 'ఎండా, జ్వరమూ కాస్తున్నాయి' అన్నప్పుడు అంత స్పష్టత లేదు. కొందరికి అతుకుతుంది, కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. ఆర్నాల్డ్ జ్విక్కీ, జెరాల్డ్ సేడాక్ 1975లోనే ఈ రకం పరీక్షలు ఎక్కడెక్కడ బెడిసికొడతాయో వివరంగా చూపారు. పరీక్ష పనికొస్తుంది, కానీ అంచుల దగ్గర తీర్పు చెప్పలేదు. 'రన్' అర్థాల్లో ఎక్కువ భాగం అంచుల దగ్గరవే.

3. ఒక రూపం, రెండు మూలాలు

'రన్' అర్థాలు ఇంతగా విస్తరించడానికి చరిత్రలో ఒక గట్టి కారణం కనిపిస్తుంది. పాత ఇంగ్లిష్‌లో దీనికి రెండు క్రియలు ఉండేవి. తానుగా పరుగెత్తడానికి, ప్రవహించడానికి 'రిన్నన్'. పరుగెత్తించడానికి, గుర్రం దౌడు తీయించడానికి దాని ప్రేరణార్థకం 'ఎర్నన్'. స్కాండినేవియా నుంచి వచ్చినవారి భాషలోని సోదర రూపాలు కూడా వీటికి తోడయ్యాయి. కాలక్రమంలో ఈ రూపాలన్నీ కరిగి ఒకే 'రన్'గా మిగిలాయి. అందుకే ఇంగ్లిష్‌లో బస్సు తానే 'రన్' అవుతుంది, సంస్థ కూడా బస్సును 'రన్' చేస్తుంది.

తెలుగులో ఈ తేడా పోలేదు. బస్సు నడుస్తుంది, సంస్థ నడుపుతుంది. నీరు పారుతుంది, రైతు పారిస్తాడు. చక్రం తిరుగుతుంది, మనిషి తిప్పుతాడు. మన నిఘంటువులు 'నడుచు'నూ 'నడుపు'నూ రెండు పద్దులుగా చూపుతాయి. ఇంగ్లిష్ నిఘంటువుకు ఆ వీలు లేదు. రెండింటినీ ఒకే చోట పేర్చక తప్పదు. 645లో కొంత భాగం ఇలా వ్యాకరణం వల్ల చేరినదే. దాన్ని భావసంపదగా లెక్కించడం సరికాదు.

తెలుగులో దీనికి ఎదురు ఉదాహరణ పైన చూసిన 'కాయు'. చెట్టు కాయడం, ఎండ కాయడం, గొర్రెలు కాయడం. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటిని వేర్వేరు మూలాల కింద చూపుతుంది. పండుకూ, వేడికీ, కాపలాకూ మూడు వేర్వేరు ధాతువులు తెలుగులో దాదాపు ఒకే రూపానికి వచ్చి చేరాయి. వాటిని ఒక పదంగా లెక్కిస్తే 'కాయు' బహుళార్థక పదం. మూడుగా లెక్కిస్తే మూడు మామూలు పదాలు. వాడుకరి నోట్లో మాత్రం ఏ మార్పూ లేదు. అర్థాల పోటీలో ఏ భాష గెలిచిందన్న ప్రశ్నకు ఎందుకు విలువ లేదో ఈ ఒక్క మాట చాలు చెప్పడానికి.

4. పక్కన చేరే మాట

ఇప్పుడు అసలు పోలిక. ఇంగ్లిష్ 'రన్' వాడే చోట తెలుగు ఏం అంటుందో వరసగా చూడాలి.

ద్రవాలతో: ముక్కు కారుతుంది. కాలువ పారుతుంది. కుళాయిలో నీళ్లు వస్తాయి. ఉతికితే చీర రంగు దిగుతుంది. నాలుగు చోట్లా ఇంగ్లిష్ క్రియ ఒకటే. తెలుగు మాత్రం ద్రవం ఎంత, ఎటు, ఎలా పోతోందో చూసి క్రియను ఎంచుకుంటుంది. బొట్లుబొట్లుగా జారేది కారుతుంది, నేల మీద సాగేది పారుతుంది.

యంత్రాలు, పనులతో: ఫ్యాను తిరుగుతుంది. గడియారం నడుస్తుంది. మిల్లు ఆడుతుంది, అందుకే పిండి ఆడించుకొస్తాం. సినిమా వంద రోజులు ఆడుతుంది. కొట్టు నడుస్తుంది, బడి నడుస్తుంది, కేసు నడుస్తుంది.

ఒంటితో, ఇంటితో: జ్వరం కాస్తుంది. బియ్యం నిండుకుంటాయి. మనిషి అప్పుల పాలవుతాడు. చక్కెర జబ్బు ఆ ఇంట్లో వంశపారంపర్యంగా వస్తుంది. వీటన్నిటికీ ఇంగ్లిష్‌లో 'రన్'తో కూడిన పలుకుబడులు ఉన్నాయి.

ఈ జాబితాలో ఒక క్రమం కనిపిస్తుంది. సంస్థ, యంత్రం, వ్యవహారం విషయంలో ఇంగ్లిష్ పరుగెత్తిస్తే తెలుగు నడిపిస్తుంది. సాగిపోవడం అనే భావానికి ఇంగ్లిష్ పరుగును మూలంగా తీసుకుంది, తెలుగు నడకను. మన 'నడుచు' ఎంత దూరం వెళ్లిందో చూడండి: శని దశ నడుస్తుంది, మూఢం నడుస్తుంది, ఆమెకు ఏడో నెల నడుస్తుంది, పెద్దల మాట ప్రకారం నడుచుకుంటాం, ఆ ఊళ్లో ఆయన మాటే నడుస్తుంది. ఇంగ్లిష్ వేగాన్ని ప్రేమించే జాతి భాష, తెలుగు నెమ్మదిని కోరుకునేవారి భాష అని దీన్నుంచి తేల్చడం తొందరపాటు. సినిమా మన దగ్గర ఆడుతుంది, కానీ సినిమాను ఆటగా చూసే జాతి అని మన గురించి ఎవరూ అనరు. ఒకసారి దారి పడ్డాక మాట ఆ దారినే సాగుతుంది. తొలి అడుగు ఎందుకు అటు పడిందో చాలాసార్లు చెప్పలేం.

ఇంగ్లిష్ లోపలే ఇందుకు సాక్ష్యం ఉంది. అమెరికాలో ఎన్నికలకు పోటీ చేసేవాడు 'రన్' అవుతాడు. బ్రిటన్‌లో సంప్రదాయంగా వాడే మాటకు అర్థం 'నిలబడటం'. మనమూ 'ఈసారి ఎవరు నిలబడ్డారు?' అనే అడుగుతాం. ఒకే భాష, ఒకే పని, ఒకచోట పరుగు, మరోచోట నిలబడటం. భావం ఒకటే అయినప్పుడు ఏ మాట పట్టుబడిందన్నది ఆచారం.

అయితే అంతా ఆచారమే అనడం కూడా సరికాదు. 2006లో స్టెఫాన్ గ్రీస్ నిజ వాడుక నుంచి తీసిన ఎనిమిది వందలకు పైగా 'రన్' వాక్యాలను ఒక్కొక్కటిగా విశ్లేషించారు. కర్త ఎవరు, కర్మ ఉందా, పక్కన ఏ మాటలున్నాయి వంటి లక్షణాలన్నీ నమోదు చేశారు. కాళ్లతో వేగంగా కదలడమే కేంద్ర అర్థమనీ, మిగతావి దాని చుట్టూ జాలంలా అల్లుకున్నాయనీ ఆయన వాదన. ఏ అర్థం ఏదో గుర్తుపట్టడానికి చుట్టూ ఉన్న మాటలు బాగా సాయపడతాయని కూడా ఆ విశ్లేషణ చూపింది. మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని 1957లో జె.ఆర్. ఫర్త్ అన్నదీ ఇదే.

5. పరుగు లేని పరుగు

కేంద్ర అర్థం నుంచి మాట ఎంత దూరం జరిగినా పాత పేరే ఎలా నిలుస్తుందో రెండు ఉదాహరణలు.

క్రికెట్‌లో బ్యాటర్లు వికెట్ల మధ్య పరుగెత్తి అటు ఇటు చేరితే ఒక 'రన్'. ఆ లెక్క ఉన్నది పరుగుకే. బంతి నేలను తాకుతూ గీత దాటితే నాలుగు, గాల్లోనే దాటితే ఆరు. అక్కడ ఎవరూ పరుగెత్తనక్కర్లేదు. అయినా అవి 'రన్లే'. తెలుగు వ్యాఖ్యాతలు దీన్ని 'పరుగులు' అన్నారు, అది స్థిరపడింది. నిలబడ్డ చోటే నిలబడి ఆరు పరుగులు చేయడం ఇప్పుడు మనకు వింతగా లేదు. ఇక్కడ ఇంగ్లిష్ అర్థవిస్తారం తెలుగు మాటలోకి నడిచొచ్చింది.

రెండోది బ్యాంకు మీద 'రన్'. బ్యాంకు మునిగిపోతుందన్న భయంతో డిపాజిటర్లు ఒక్కసారిగా డబ్బు తీసుకోవడానికి ఎగబడటం. 2007 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ శాఖల ముందు బారులు తీరిన జనంలో పాత దృశ్యం ఇంకా కనిపించింది. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకునే ప్రయత్నం జరిగింది. ఆ పని చాలావరకు ఫోన్లు, కంప్యూటర్ల మీదే జరిగింది. పరుగెత్తిన కాళ్లు లేవు. మాట మాత్రం అదే. ఇక్కడ తెలుగు పత్రికలు పరుగును కాక 'ఎగబడు'ను ఎంచుకోవడం గమనించాలి. తొక్కిసలాటను గుర్తుచేసే ఆ మాట భయాన్ని బాగా పట్టిస్తుంది.

6. తెలుగులోకి వచ్చిన 'రన్'

ఇంగ్లిష్ మాట మనలోకి వచ్చినప్పుడు దాని అర్థాలన్నీ వెంట రాలేదు. వచ్చిన చోట్లు లెక్కపెట్టవచ్చు. కండక్టరు 'రన్నింగ్‌లో దిగొద్దు' అంటాడు. లెక్చరర్ రన్నింగ్ నోట్సు చెబుతాడు. వడ్రంగి, ఇంటి మేస్త్రీ రన్నింగ్ ఫుట్టుకు ఇంత అని కూలీ మాట్లాడతారు. కంప్యూటర్లో ప్రోగ్రాం రన్ అవుతుంది. సినిమా రాసేవారికి రన్ టైమ్, క్రికెట్ చూసేవారికి రన్ రేటు, రనౌట్. కొత్త మోటారుకు ట్రయల్ రన్.

బట్టల కొట్లో వినబడే 'రన్నింగ్ బ్లౌజ్' వీటిలో ప్రత్యేకమైనది. చీరతో పాటే నేసి, విడిగా కత్తిరించకుండా చివర వదిలిన జాకెట్టు గుడ్డకు ఆ పేరు. గుడ్డ తెగకుండా కొనసాగుతోందన్న భావం ఇంగ్లిష్‌దే. రన్నింగ్ ఫుట్టులో ఉన్నదీ అదే కొనసాగింపు. కానీ ఈ జంటను చీరలమ్మే దేశం కూర్చుకుంది. అరువు మాట కూడా కొత్త సావాసంలో కొత్త అర్థం సంపాదిస్తుందనడానికి ఇది మంచి సాక్ష్యం.

రానివి కూడా చూడాలి. ముక్కు 'రన్' అవుతోందని, జ్వరం 'రన్' అవుతోందని తెలుగులో వినబడదు. అక్కడ 'కారు', 'కాయు' గట్టిగా పాతుకుని ఉన్నాయి. యంత్రం, ఆట, కొలత, వ్యాపారం వంటి కొత్త రంగాల్లో అరువు దిగింది. శరీరం, నీరు, ఇల్లు వంటి పాత రంగాల్లో దిగలేదు. ఈ కొద్ది ఉదాహరణలతో దీన్ని సూత్రంగా ప్రకటించలేను. కానీ పెద్ద వాక్యసంచయం మీద పరీక్షించదగ్గ ప్రతిపాదన ఇది.

7. చర్చ: దీనితో ఏం చేయాలి?

తరచుగా వాడే మాటకు అర్థాలు ఎక్కువగా ఉంటాయని జార్జ్ జిఫ్ 1945లో గణాంకాలతో చూపారు. కాబట్టి 'రన్', 'సెట్', 'పుట్' వంటి చిన్న మాటలు జాబితాల పైన ఉండటం ఆశ్చర్యం కాదు. మన 'ఆడు', 'పడు', 'పెట్టు', 'కొట్టు' వంటివాటికీ ఇది వర్తిస్తుందని ఊహించవచ్చు. ఊపిరాడటం, మాటాడటం, పేకాడటం, గానుగాడటం ఒకే క్రియ చుట్టూ ఎలా చేరాయో తెలుగు పిల్లవాడికి ఎవరూ నేర్పలేదు. అతను వాటిని జంటలుగా విన్నాడు, జంటలుగానే పలుకుతున్నాడు.

ఇంగ్లిష్ నేర్పేటప్పుడు ఈ సంగతిని మనం పక్కన పెడుతున్నాం. 'రన్ అంటే పరుగెత్తు' అని ఒక మాటకు ఒక మాట కట్టి ఇస్తున్నాం. ఆ పిల్లవాడికి తర్వాత ముక్కు, కొట్టు, కుళాయి, ఎన్నిక ఎదురైనప్పుడు నేర్చుకున్నది అక్కరకు రాదు. తప్పు తన తెలివిలో ఉందనుకుంటాడు. లోపం అతనిది కాదు, పాఠానిది. 645 అర్థాలున్నాయని భయపెట్టడం కూడా అతనికి సాయపడదు.

దారి చూపిన పని ఇంగ్లిష్‌లోనే ఉంది. బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ ఆధ్వర్యంలో 1987లో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు, కంప్యూటర్లో పోగుచేసిన నిజ వాక్యాల మీద ఆధారపడి, ప్రతి అర్థాన్నీ పూర్తి వాక్యంలో, ఆ మాట సహజంగా చేరే జంటతో సహా చూపింది. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువులకు ఈ పద్ధతి ఇంకా బాగా సరిపోతుంది. ఎందుకంటే మన దగ్గర జంట మారితే క్రియే మారుతుంది. 'రన్' కింద తెలుగు పర్యాయపదాలను కామాలతో గుచ్చడం మాని, ద్రవం అయితే కారు, పారు. యంత్రం అయితే తిరుగు, ఆడు, నడుచు. సంస్థ అయితే నడుచు, నడుపు. జ్వరం అయితే కాయు. సరుకు అయిపోతే నిండుకొను. ఎన్నిక అయితే నిలబడు, పోటీ చేయు అని కర్తను బట్టి అమర్చాలి. పది పన్నెండు వరుసల్లో రోజువారీ వాడుకలో చాలా భాగం ఇమిడిపోతుంది. బడిలో వాడటానికి అంత చాలు.

8. ముగింపు

645 తప్పు లెక్క కాదు. తొమ్మిది నెలల శ్రద్ధతో, చారిత్రక నిఘంటువు అవసరాల కోసం చేసిన విభజన అది. ఆ పనికి అది సరైనదే. దాన్ని ఆ పద్దు నుంచి పెకలించి, ఇంగ్లిష్ గొప్పదనానికో, కాలస్వభావానికో కొలతగా వాడటమే ఆధారం లేని పని. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ అంకె వేసేవారు అది ఏ నిఘంటువుదో, ఏ సంవత్సరానిదో పక్కనే వేయాలి. తెలుగు వాడుకలోని క్రియల జంటలను ఇదే ఓపికతో పోగుచేసి, వాక్యాలతో సహా అచ్చు వేసే పని మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తలకెత్తుకోవాలి. 'రన్'కు తెలుగులో సమాధానం చెప్పడానికి కావలసిన క్రియలన్నీ మన నోళ్లలో ఉన్నాయి. అవి ఏ మాట పక్కన ఏ క్రియగా చేరతాయో చూపే పుస్తకమే కావాలి.